మీట మీద ఒకటి, తెర మీద ఒకటి

మొన్న మా తమ్ముడు సత్తిబాబు పింఛను కాగితం పని మీద మండలాఫీసుకు వెళ్ళాం. కంప్యూటరు ముందున్న అమ్మాయి పని మొదలుపెట్టబోతూ చిన్న సీసా తీసి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని రుద్దుకుంది. నిమ్మకాయ వాసన గుప్పుమంది. ఆ వెంటనే మీటల చప్పుడు, కాగిన నూనెలో ఆవాలు వేసినట్టు. నేను బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏటక్కా, కళ్ళు తిరిగినియ్యా?" అన్నాడు సత్తిబాబు, చేతికర్ర మీదికి వంగి. కళ్ళు తిరగలేదు. ఆ వాసనా ఆ చప్పుడూ ఒక్కసారే వచ్చేసరికి దోహాలో అబూ హమూర్ పేటలో ఆ ఇల్లు, వంటగది పక్కన చిన్న గది, అందులో గోడవైపు చూస్తూ టైపు కొట్టే నెర్మిన్ పెద్దమ్మ నా ఎదురుగా కూర్చున్నట్టే అయింది.

ఆవిడను మీరెవరూ ఎరగరు. టర్కీ మనిషి. పొట్టిగా, గట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చేసిన కోటు వేసుకుని, ఇంట్లో కూడా ఆఫీసుకు వెళ్ళబోతున్నట్టు ఉండేది. ఆవిడ కొడుకు సెర్కాన్ సారు దోహా పక్కన లుసైల్‌లో కట్టే పెద్ద స్టేడియం పనిలో ఇంజనీరు. కాలి బంతాట ప్రపంచకప్పు వస్తోందని అప్పట్లో దోహా అంతా తవ్విపోసి ఉండేది. ఆదివారం నడిచిన దారి గురువారానికి కనిపించేది కాదు. సారు భార్యాపిల్లలు చదువుల కోసం వాళ్ళ ఊళ్ళోనే ఉండిపోతే, కొడుక్కి వండిపెడతానని తల్లి వచ్చింది. తల్లికి మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఆవిడకు సాయంగా నన్ను పెట్టారు. నా పేరు మంగ, మాది కోనసీమ. అంతకుముందు మూడేళ్ళు ఒక అరబ్బు ఇంట్లో చేశాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలంటే సబ్బు పెట్టెల మీదా పిండి ప్యాకెట్ల మీదా చూసి గుర్తుపట్టడమే. కానీ చెవిన పడ్డ మాట మాత్రం నన్ను వదిలి పోదు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ భాష సగానికి పైగా తెలిసిపోయింది. వాళ్ళ మాటల్లో మన మాటలు కొన్ని ముందే కూర్చుని ఉన్నాయి మరి. కలం, తారీఖు, జవాబు, హాజరు, వకీలు... కోర్టు మెట్లెక్కినవాళ్ళ నోట మా తాతల నాటి నుంచీ ఉన్నవే. ఆవిడేమో ముప్పై ఏళ్ళు కోర్టులో టైపు కొట్టిన మనిషి. ఇక మా ఇద్దరికీ మాటలు కలవకేం?

మొదటిసారి ఆవిడ టైపు కొట్టడం చూసినప్పుడు నాకు నిజంగా ఒళ్ళు జలదరించింది. చాయ్ గ్లాసు పట్టుకెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆవిడ కొలోన్ అనే నిమ్మవాసన సెంటు చేతులకు రాసుకుని, కళ్ళు గోడకు అప్పగించి వేళ్ళు ఆడిస్తోంది. నేను వేలు చూశాను, తెర చూశాను, మళ్ళీ వేలు చూశాను. వేలు పడింది ఎఫ్ మీద. తెర మీద ఏ వచ్చింది. కె నొక్కితే ఎమ్ వచ్చింది. దయ్యం పట్టిన పెట్టె అనుకుని గ్లాసుతో సహా రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ నా మొహం చూసి నవ్వింది. "కొడుకు కొన్న పెట్టె ఇంగ్లీషుది, కిజమ్" అంది. కిజమ్ అంటే వాళ్ళ భాషలో బిడ్డా అని. "నా వేళ్ళు టర్కీ మిషను మీద పెరిగాయి. అందుకని వాడు పెట్టె లోపల మా అక్షరాల అమరిక పెట్టాడు. మీటల పైన మాత్రం ఇంగ్లీషే మిగిలిపోయింది." అయితే పైన రాసిందంతా అబద్ధమేనా అని అడిగాను. ఆవిడ మీటలు వెతికి రెండిటి మీద వేలు పెట్టింది. "ఇవిగో, ఎల్, పి. ఈ రెండూ నిజం చెప్తాయి. మిగతావాటిని నమ్మకు."

ఆవిడ రోజూ రాసేది ఉత్తరం. తనతోపాటు కోర్టులో పనిచేసిన స్నేహితురాలికి పేజీ నిండా ఇంట్లో ఏం వండామో, మోకాలు ఎలా ఉందో. కోర్టు అలవాటు పోలేదు. మొదటి నుంచి చివరి దాకా తెర చూడకుండా కొట్టడం, అయ్యాక గొంతెత్తి చదవడం. వినడానికి ఎవరూ లేకపోతే నన్ను నిలబెట్టి చదివేది. చదివి వినిపించనిదే కాగితం కాగితం కాదనేది.

ఒకనాడు అలా చదవబోయి ఆగిపోయింది. తెర నిండా పిచ్చి రాతలు. ఒక్క మాట కూడా మనిషి మాటలా లేదు. గంటసేపు కొట్టింది. ఇది నా పనే అనుకున్నాను. ఎందుకంటే పొద్దున నేను తడిగుడ్డతో మీటలన్నీ రుద్ది రుద్ది తుడిచాను, పెట్టె వెలుగుతూ ఉండగానే. గుడ్డ కింద ఏవో రెండు మీటలు కలిసి నొక్కుకుని లోపలి అమరిక మళ్ళీ ఇంగ్లీషుకు తిరిగిపోయిందట. ఆ సంగతి సారు వచ్చి చెప్పాక తెలిసింది. అప్పటికి మాత్రం పెట్టె చచ్చిపోయిందనే అనుకున్నాను. "పెద్దమ్మా, నేనే. గిన్నెలు తోమినట్టు తోమేశాను" అని ఏడుపు గొంతుతో చెప్పాను. ఆవిడ తిట్టలేదు. తెర మీది పిచ్చిరాతను ఒక్కో అక్షరమే చూస్తూ, అది ఏ మీట మీద ఉందో వెతుక్కుంటూ, ఉత్త బల్ల మీద వేళ్ళు పెట్టి ఆడించడం మొదలుపెట్టింది. వేలు ఏ చోట పడిందో అక్కడ తన అక్షరం ఏదో పైకి చదివేది. అలా మొదటి వరసంతా చదివేసింది. నిన్న మంగ చేసిన వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైంది, అని. "పెట్టె తప్పు రాసింది. నా వేళ్ళు రాయలేదు" అని, "ఇక మీదట నేను మొదలుపెట్టగానే తెర నువ్వు చూడు. మొదటి మాట మనిషి మాటలా పడిందో లేదో చెప్పు" అని నాకు కొలువు ఇచ్చింది. ఆ రోజు నుంచి ఐదో తరగతి మంగ ఆవిడకు కళ్ళు.

మా సత్తిబాబు అప్పుడు లుసైల్‌లోనే పరంజాలు కట్టే పనిలో ఉండేవాడు. సెర్కాన్ సారు కంపెనీ కింద ఉన్న ఒక చిన్న కంపెనీలో చేసేవాడు. తమ్ముడని నేను సారుతో ఏనాడూ చెప్పలేదు. పెద్దవాళ్ళ దగ్గర చుట్టరికం ఎత్తితే ఏదో అడుగుతున్నారనుకుంటారు. ఒక మంగళవారం బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. వాడి క్యాంపు గదిలో ఉండే మల్లేశం, జగిత్యాల పక్క మనిషి. "అక్కా, నీ తమ్ముడు మీదికెల్లి పడ్డడు. జీవునం ఉన్నది, భయపడకు. కాలు మాత్రం శాన దెబ్బ తాకింది, దవాఖాన్లకు తీస్కపోయిర్రు." బియ్యం నీళ్ళు సింకులో పోయాయో నేల మీద పోయాయో నాకు తెలియదు.

ఆసుపత్రిలో వాడి కాలు చూసినప్పటి కంటే వాడి మాట విన్నాక ఎక్కువ అదిరిపోయాను. "రేపు పెద్దోళ్ళు చూడ్డానికి వత్తన్నారని యల్లా యల్లా అని తరిమేడక్కా ఫోర్‌మాను. కాలు పెట్టే పలక కట్టలేదు. బెల్టులు నలుగురికి రెండే ఉన్నాయి." మరి కాగితం మీద ఏం రాశారురా అంటే, "ఏటో తెలీదు. ఇంగ్లీషూ అరబ్బీ. మందు మత్తులో ఉన్నాను, ఇక్కడెట్టు అన్నారు, ఎట్టేశాను" అన్నాడు. ఆ కాగితంలో ఏముందో మల్లేశం ఆఫీసులో ఎవరినో బతిమాలి తెలుసుకుని నా చెవిలో చెప్పాడు. "డ్యూటీ అయినంక ఫోన్ల వీడియో తీస్కునేటందుకు ఆనే ఎక్కిండని రాసిర్రక్కా. తప్పు ఆనిదే అయితది. ఇంకో ఆపరేషన్ మాఫీ, చెయ్యరట. వచ్చే వారం టికెట్ కొట్టి ఇంటికి తోలుతరట." వాడి ఫోను ఆ పూట గదిలోనే చార్జింగులో ఉంది! నేను మంచం పట్టీ పట్టుకున్నాను. రెండో ఆపరేషను చేయకపోతే ఆ కాలు ఇక నేల మీద ఆనదని డాక్టరు అప్పుడే చెప్పి వెళ్ళాడు.

ఇంట్లో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. పైనున్నది సారు కంపెనీయే. నోరు తెరిస్తే నా పనీ పోతుంది, వాడి కాలూ పోతుంది. కానీ మర్నాడు పెద్దమ్మ చాయ్‌లో చక్కెర బదులు ఉప్పు వేసి ఇచ్చానట. ఆవిడ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నా చెయ్యి పట్టుకుని ఆ చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. కొలోన్ రాసుకుంది. గోడవైపు తిరిగింది. "చెప్పు, నేను రాస్తాను" అంది.

చెప్పాను. ఏడుస్తూ, అరబ్బీ, హిందీ, వాళ్ళ భాష కలిపి. మొదటి మాట తెర మీద సరిగ్గా పడిందని కూడా చెప్పాను, కన్నీళ్ళలోంచే. "ఫోర్‌మాను బెల్టు లాగేసుకుని మా వాణ్ణి పైకి తోలాడు" అన్నాను. మీటల చప్పుడు ఆగిపోయింది.

"లాగేసుకోవడం నువ్వు చూశావా?"

"లేదు."

"నీ తమ్ముడు అలా అన్నాడా?"

నేను నేలచూపులు చూశాను. "బెల్టులు నలుగురికి రెండే అన్నాడు."

"అదే రాస్తాను. ఇంకేమన్నాడు?"

పలక కట్టలేదని వాడికి తెలుసు, తెలిసే ఎక్కాడు. అది చెప్పనా వద్దా అని నేను నలుగుతుంటే ఆవిడ గోడవైపే చూస్తూ ఎదురుచూసింది. చివరికి చెప్పాను. అదీ కొట్టేసింది. నా ఉప్పు తిని నా తమ్ముడి తప్పు రాస్తుందేమిటీవిడ అనుకున్నాను. అంతా అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఇదంతా విన్న మాట. చూసినవాడు కావాలి. శుక్రవారం అతన్ని హాజరు పరుచు" అంది. సరిగ్గా ఆ మాటే, హాజరు.

మల్లేశం వచ్చాడు గానీ గడప దాటలేదు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, గీ ముసలమ్మ సారు తల్లి గదా. నా నౌకరి పోతదక్కా. ఊళ్ళె మావోళ్ళు దుబాయ్‌ల మస్తుగున్నడనుకుంటున్నరు." ఆవిడ లేచి వచ్చి అతని చేతుల్లో కొలోన్ పోసింది. వాళ్ళ ఇళ్ళలో వచ్చిన చుట్టానికి అలా పోస్తారు. అతను అది తీర్థమనుకుని తాగబోయాడు. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను. "ఆగు, అది సెంటు!" ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులోనే అతను లోపలికి వచ్చేశాడు.

అతను తెలుగులో చెప్పడం, నేను ఆవిడకు చెప్పడం, ఆవిడ కొట్టడం. తర్వాత ఆవిడ చదివింది, నేను అతనికి వరసవరసకూ తెలుగు చేశాను. "ఫోర్‌మాను కేకలు వేశాడు" అన్నచోట మల్లేశం చెయ్యి ఎత్తాడు. "గట్ల కాదక్కా. ఆడు కేకలెయ్యలె. ఆడు గుడ భయపడుకుంటనే ఉరికిచ్చిండు. ఆనికి మీదికెల్లి ఫోన్ల మీద ఫోన్లు." ఆవిడ ఆ వరస తుడిచేసి మళ్ళీ కొట్టింది. మళ్ళీ చదివింది. అప్పుడు గానీ అతనికి కలం ఇవ్వలేదు. తన కాగితాన్ని తనకే చదివి వినిపించడం అతని జన్మలో అదే మొదటిసారి. "కోర్టుల గుడ గిట్ల అడగరక్కా" అన్నాడు సంతకం పెట్టి, దాన్నే చూస్తూ.

ఆ సాయంత్రం సెర్కాన్ సారు భోజనానికి కూర్చుంటే, కంచం పెట్టవలసిన చోట ఆవిడ ఆ రెండు కాగితాలు పెట్టింది. నేను వంటగది గుమ్మంలో ఉన్నాను. ఆయన రెండు వరసలు చదివి మొహం ఎర్రగా చేసుకున్నాడు. "అమ్మా, ఇది నీ కోర్టు కాదు. ఇలాంటివి చూసేవాళ్ళు వేరే ఉన్నారు. మంగా, నీ తమ్ముడని నాకెందుకు చెప్పలేదు?" నా బదులు ఆవిడే అడిగింది. "వీడియో కోసం ఎక్కాడన్న కాగితం మీద కింద ఎవరి సంతకం ఉంది?"

ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. జేబులోంచి ఫోను తీసి ఏదో వెతికాడు. చాలాసేపు వెతికాడు. దొరికాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాడు. "నాదే" అన్నాడు. "రోజుకు యాభై కాగితాలు వస్తాయి. చదవలేదు."

ఆయన సంతకం ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. రోజూ పొద్దున నా చేత్తో రొట్టె తిని వెళ్ళే మనిషి! ఆవిడ ఎదుటి కుర్చీలో కూర్చుని, గోడవైపు చూస్తూ, టైపు కొట్టేటప్పటి గొంతుతోనే చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక గొర్రెల కాపరి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడట. వాళ్ళ కోర్టుల్లో సాక్షి చెప్పింది జడ్జీ తన మాటల్లో కుదించి, "రాయి బిడ్డా" అని టైపిస్టుకు చెప్తాడట. కాపరి చెప్పింది ఒక రకం, జడ్జీ చెప్పింది ఇంకో రకం. ఆవిడకు తేడా తెలిసింది. తెలిసీ జడ్జీ చెప్పిందే కొట్టింది. చదివి వినిపించాలి, కానీ భోజనాల వేళ అయింది, అందరూ లేచిపోతున్నారు. కాపరి వేలిముద్ర వేసి దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ కాగితం మీద అతని తమ్ముడికి తొమ్మిదేళ్ళు జైలు పడింది.

"నీకు ఎప్పుడూ చెప్పలేదు" అంది కొడుకుతో. "మా అమ్మ ఎంత శ్రద్ధగా పనిచేసేదో అని నువ్వు అందరికీ చెప్పుకుంటావు. ఆ శ్రద్ధ అక్కడి నుంచి వచ్చింది."

ఆయన ఆ రాత్రి భోజనం చేయలేదు. పొద్దున్నే నన్ను కారులో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. రోడ్డు పక్క కంచెల మీద బంతాట బొమ్మలు వెనక్కి పోతున్నాయి. సత్తిబాబు మంచం పక్కన కుర్చీ వేసుకుని, నన్ను మధ్యలో పెట్టుకుని, తనే అడిగి తనే రాసుకున్నాడు. వారం తిరక్కుండా కొత్త కాగితం వచ్చింది. అందులో బెల్టులు రెండే అన్న సంగతి ఉంది, కట్టని పలక అని తెలిసే ఎక్కాడన్నదీ ఉంది, చదవకుండా సారు మొదటి కాగితం మీద సంతకం పెట్టినదీ ఉంది. ఇంగ్లీషులో చదివి, వాళ్ళ భాషలో నాకు చెప్పి, "నీ తమ్ముడికి మీ భాషలో చెప్పు. ఎక్కడైనా తప్పుంటే ఆపు" అన్నాడు. చెప్పాను. సత్తిబాబు అంతా విని, "మనం చెప్పిందే ఉందేటే అక్కా!" అన్నాడు నమ్మలేక. వాడు అంత ఆశ్చర్యపోవడం చూసి సారు తల వంచుకున్నాడు. రెండో ఆపరేషను జరిగింది. కాలు నిలబడింది, కొంచెం ఈడుస్తాడు. మల్లేశం ఉద్యోగం పోలేదు. సారుకు మాత్రం ఆ ఏడు రావలసిన పెద్ద పదవి రాలేదని తర్వాత ఆయన ఫోనులో భార్యతో అంటుంటే విన్నాను. తల్లీ కొడుకులు నా ముందు ఆ ఊసెత్తలేదు.

స్టేడియాలకు దీపాలు పెట్టే రోజులకు ఆవిడ మోకాళ్ళు మరీ మొరాయించి, సొంత ఊరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టి, నా వేళ్ళు పట్టుకుని మీటల మీద పెట్టింది. "కిందికి చూడకు." నేను గోడవైపు చూశాను. మీటలు ఐదుసార్లు నొక్కించింది. తెర మీద నా పేరు పడింది. చిన్న మరక కూడా లేని తెల్లగోడ అది. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అది కనిపిస్తుంది. ఏడాది తర్వాత సారు ఫోను చేసి, అమ్మ పోయింది మంగా, అన్నాడు. ఆఖరి రోజుల్లో దుప్పటి మీద వేళ్ళు ఆడిస్తూనే ఉండేదట. ఏం కొట్టేదో ఎవరికీ తెలియలేదన్నాడు. నేను పక్కన ఉంటే వేళ్ళు చూసి చెప్పేదాన్నేమో అనుకుని, ఆ రాత్రి చాలాసేపు నా వేళ్ళనే చూసుకున్నాను.

మండలాఫీసులో ఆ అమ్మాయి కాగితం తీసి ముందుకు తోసింది. "ఆంటీ, తాతగారిని ఇక్కడ సంతకం పెట్టమనండి." సత్తిబాబుకు నలభై ఐదు కూడా లేవు. కర్ర చూసి తాతను చేసేసింది. వాడు కలం అందుకోబోయాడు. నేను వాడి మణికట్టు పట్టుకున్నాను.

"ఓసారి చదివి వినిపించమ్మా."

"అంతా మీరు చెప్పిందేనండి. వెనకాల చాలామంది ఉన్నారు."

వెనక ఎవరో, "ఏవమ్మోయ్, అక్కడ పురాణం పెట్టేవేటి?" అన్నారు. నేను కదల్లేదు. ఆ అమ్మాయి నిట్టూర్చి చదవడం మొదలుపెట్టింది. పేరు, ఊరు, తండ్రి పేరు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత, "వైకల్యానికి కారణం, పుట్టుకతో" అంది.

"పుట్టుకతోనా?" అన్నాను.

"కారణాల జాబితాలో అది పైన మొదటగా వస్తుందండి. ఏది పెట్టినా పింఛను అదే వస్తుంది."

"పోన్లేవే అక్కా" అన్నాడు సత్తిబాబు మెల్లగా. "ఏదైతే ఏటి? వచ్చేది వత్తాది."

"మా అమ్మ కన్నప్పుడు వీడి కాళ్ళు రెండూ బాగున్నాయమ్మా" అన్నాను. "ఖతార్‌లో డ్యూటీ మీద పడ్డాడు. కట్టని పలక మీద. నేను చెప్తాను, నువ్వు కొట్టు."

ఆ అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి, వెనకాల వరసను ఒకసారి చూసి, మళ్ళీ మీటల మీద చేతులు పెట్టింది. మొదటి మాట సరిగ్గా పడిందో లేదోనని నేను తెరవైపు వంగాను.